అన్నీ కావాలా, ఒకటి చాలా? తెలుగు పత్రాల్లో జాబితాలకు విరామ చిహ్నాలు

ప్రభుత్వ ప్రకటన, దరఖాస్తు ఫారం, సంఘం తీర్మానం, పాఠశాల సూచన పత్రం. ఏదైనా సరే, అందులో జనం ముందుగా వెతికేది జాబితానే. ఏ పత్రాలు తేవాలి, ఎవరు అర్హులు, ఏ తేదీలోగా ఏం చేయాలి అన్నది అక్కడే ఉంటుంది. ఆ జాబితాలోని అంశాలన్నీ కావాలా, ఏదైనా ఒకటి చాలా అన్నది కొన్నిసార్లు అంశం చివర పెట్టిన చిన్న గుర్తు మీద, జాబితాకు ముందున్న ఒక్క మాట మీద ఆధారపడుతుంది. అది స్పష్టంగా లేకపోతే నష్టపోయేది పత్రం తయారు చేసినవారు కాదు. ఒక రోజు పని మానుకొని, వరుసలో నిలబడి, చివరకు 'ఇంకో కాగితం తీసుకురండి' అన్న మాట విని వెనుదిరిగే సామాన్యుడే నష్టపోతాడు.

కంప్యూటరులో తెలుగు పత్రాలు తయారు చేసేవారు చుక్కల జాబితాలకు, అంకెల జాబితాలకు విరామ చిహ్నాలు ఎలా పెట్టాలి, తెలుగు వాక్య నిర్మాణం ఇందులో ఏ ప్రత్యేక జాగ్రత్తను కోరుతుంది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్న ఎందుకు?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. ఆ పనుల కోసం ఉత్తరాంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. ఝపటాపూర్ వంటి పేటల్లో ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, హిందీ, కార్యాలయంలో ఇంగ్లీషు వినిపించడం సాధారణం. కోర్కెల పత్రం, వినతిపత్రం ఈ పట్టణానికి కొత్త కాదు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1920లలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికోద్యమానికి నాయకత్వం వహించారు.

తెలుగుకు అధికార భాషా హోదా ఇచ్చేందుకు 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఒక భాషకు అధికార హోదా లభించినప్పుడు ఆ భాషలో ప్రకటనలు, ఫారాలు, సూచనలు తయారు చేయవలసిన అవసరం కూడా వస్తుంది. అవి సాధారణంగా మరో భాషలో ముందే ఉన్న నమూనా మీద తయారవుతాయి. పదాలను అనువదించడం మీద చూపే శ్రద్ధ గుర్తుల మీద చూపకపోతే, నమూనా భాషలోని విరామ పద్ధతి తెలుగులోకి యథాతథంగా వచ్చి చేరుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

నోటి తెలుగులో లేని సందిగ్ధం

తెలుగులో 'అన్నీ' అన్న అర్థాన్ని, 'ఏదో ఒకటి' అన్న అర్థాన్ని చెప్పే తీరు వేరు. ఇంగ్లీషులో ఆ పని చివరి రెండు అంశాల మధ్య వచ్చే ఒక్క పదం చేస్తుంది. తెలుగులో ప్రతి అంశమూ తన చివర ఆ అర్థాన్ని మోస్తుంది. అంగడికి వెళ్లే పిల్లవాడితో అమ్మ 'పప్పూ, ఉప్పూ, చింతపండూ తీసుకురా' అంటే మూడూ తేవాలని అర్థం. 'పప్పు గాని, ఉప్పు గాని, చింతపండు గాని తీసుకురా' అంటే ఒకటి తెచ్చినా చాలు. చివరి అచ్చును దీర్ఘం చేయడం సముచ్చయాన్ని, 'గాని' చేర్చడం వికల్పాన్ని తెలుపుతాయి. మొదటి అంశం వినగానే అర్థం తెలిసిపోతుంది.

అదే విషయాన్ని చుక్కల జాబితాగా మార్చినప్పుడు పప్పు, ఉప్పు, చింతపండు అని మూడు వరుసలు మిగులుతాయి. దీర్ఘం పోయింది, 'గాని' కూడా పోయింది. మూడూ కావాలా, ఒకటి చాలా అన్నది చెప్పే భాషాభాగమే లేకుండా పోయింది. ఇంగ్లీషు జాబితాలో చివరి నుంచి రెండవ అంశం తరువాత ఉండే సంధాయక పదం ఆ లోటును కొంత తీరుస్తుంది. తెలుగులో అక్కడ 'మరియు' అని పెడితే అర్థం తెలుస్తుంది గాని, అది మన వాక్యంలో సహజంగా ఇమిడే మాట కాదు. పైగా, పది అంశాలున్న జాబితాలో తొమ్మిదవ అంశం దాకా చదివితే గాని ఆ మాట కంటబడదు.

కాబట్టి తెలుగు జాబితాకు మొదటి సూత్రం ఇది: అన్నీ కావాలా, ఒకటి చాలా అన్నది జాబితాకు ముందున్న పరిచయ వాక్యమే చెప్పాలి. అంశాల చివర పెట్టే గుర్తులు ఆ తరువాతి మాట.

పరిచయ వాక్యం ఎలా ఉండాలి?

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఇంగ్లీషు నమూనాను వరుస తప్పకుండా అనుసరిస్తే ఇలాంటి జాబితా తయారవుతుంది.

దరఖాస్తుదారుడు
• ఆధార్ కార్డు
• నివాస ధ్రువపత్రం
• రెండు ఫోటోలు
సమర్పించవలెను.

ఇక్కడ 'సమర్పించవలెను' అన్న క్రియ జాబితాకు అవతల ఒంటరిగా మిగిలిపోయింది. జాబితా పొడవుగా ఉండి తరువాతి పేజీకి వెళితే, ఈ పత్రాలను సమర్పించాలో, చూపించి వెనక్కి తీసుకోవాలో, దగ్గర ఉంచుకోవాలో మొదటి పేజీ చదివినవారికి తెలియదు. క్రియతో సహా వాక్యాన్ని ముందే పూర్తి చేయడం దీనికి పరిష్కారం.

దరఖాస్తుదారు ఈ కింది మూడింటినీ సమర్పించాలి:
• ఆధార్ కార్డు నకలు
• నివాస ధ్రువపత్రం
• రెండు ఫోటోలు

'మూడింటినీ' అన్న ఒక్క మాట రెండు పనులు చేస్తున్నది. అన్నీ కావాలని చెబుతున్నది, ఎన్ని ఉన్నాయో కూడా చెబుతున్నది. నకలు తీసినప్పుడు చివరి వరుస పడకపోయినా, ఒకటి తప్పిపోయిందని చదివేవారు గుర్తించగలరు. ఒకటి చాలునన్నప్పుడు 'వీటిలో ఏదైనా ఒకటి' అని, రెండు కావాలన్నప్పుడు 'వీటిలో ఏవైనా రెండు' అని పరిచయ వాక్యంలోనే రాయాలి.

పరిచయ వాక్యం చివర రెండు చుక్కల గుర్తు పెట్టడం వాడుకలో ఉన్నది. పాఠశాల వ్యాకరణాలు దీనిని న్యూన బిందువు అంటాయి. దాని పక్కన అడ్డగీత కూడా చేర్చడం పాత టైపు పత్రాల అలవాటు; ఇప్పుడు ఆ అవసరం లేదు.

విభక్తి విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. 'ఈ కింది వారికి రాయితీ లభిస్తుంది' అన్నప్పుడు 'కి' అన్న విభక్తి పరిచయ వాక్యంలోనే వచ్చింది. కనుక అంశాలను 'విద్యార్థులు', 'వృద్ధులు', 'వికలాంగులు' అని ప్రథమా విభక్తిలోనే రాయాలి. ఒక అంశం 'విద్యార్థులు' అని, తరువాతిది 'వృద్ధులకు' అని ఉంటే జాబితా కుంటుతుంది.

అంశం చివర ఏ గుర్తు?

అంశాల స్వరూపాన్ని బట్టి మూడు పద్ధతులున్నాయి. ఒక జాబితాలో ఒకే పద్ధతిని పాటించడం ముఖ్యం.

మొదటిది, అంశాలు విడి పదాలుగానో చిన్న పదబంధాలుగానో ఉన్న జాబితా. పైన చూపిన పత్రాల జాబితా అలాంటిదే. ఇక్కడ ఏ అంశం చివరా గుర్తు అవసరం లేదు. కొత్త వరుసే విరామం. చివరి అంశానికి మాత్రం చుక్క పెట్టేవారు కూడా ఉన్నారు. అది తప్పు కాదు గాని, తరువాత ఎవరైనా మరో అంశం చేర్చినప్పుడు ఆ చుక్క మధ్యలో చిక్కుకుపోతుంది.

రెండవది, ప్రతి అంశమూ క్రియతో ముగిసే పూర్తి వాక్యంగా ఉన్న జాబితా. పరీక్షా కేంద్రంలో పాటించవలసిన నియమాలు, యంత్రం నడిపే విధానం ఇలాంటివి. ఇక్కడ ప్రతి వాక్యం చివరా చుక్క ఉండాలి. ఒక అంశంలో రెండు వాక్యాలున్నప్పుడు ఇది మరింత అవసరం.

మూడవది, జాబితా అంతా కలిసి ఒకే వాక్యంగా ఉండే చట్టపరమైన రచన. ఇక్కడ ప్రతి అంశం చివర అర్ధబిందువు, చివరి నుంచి రెండవ అంశం తరువాత 'మరియు' గాని 'లేదా' గాని, చివరి అంశానికి చుక్క పెట్టడం మన చట్టాల్లో కనిపించే సంప్రదాయం. ఒప్పందాలు, నియమావళులు రాసేవారు దీనిని పాటించవచ్చు. సాధారణ ప్రజల కోసం రాసే సూచనల్లో మొదటి రెండు పద్ధతులే మేలు.

ఇంగ్లీషులో ప్రతి అంశాన్ని పెద్ద అక్షరంతో మొదలుపెట్టాలా వద్దా అన్నది పెద్ద చర్చ. మన లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న భేదం లేదు కనుక తెలుగు రచయితకు ఆ బెడద లేదు.

ఒక కామా విలువ 50 లక్షల డాలర్లు

ఇంత చిన్న గుర్తుల గురించి ఇంత పట్టింపు ఎందుకని అనిపించవచ్చు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జరిగిన ఒక వ్యాజ్యం దీనికి సమాధానం చెబుతుంది. అక్కడి చట్టం ఓవర్‌టైమ్ వేతనం వర్తించని పనులను ఒకే వాక్యంలో వరుసగా పేర్కొన్నది. ఆహార పదార్థాలను డబ్బాల్లో నింపడం, శుద్ధి చేయడం, నిల్వ చేయడం వంటి పనుల తరువాత వరుస చివర 'రవాణా కోసం ప్యాక్ చేయడం లేదా పంపిణీ' అని ఉన్నది. 'లేదా'కు ముందు కామా లేదు. ఓక్‌హర్స్ట్ డెయిరీకి చెందిన పాల వాహనాల డ్రైవర్లు, అక్కడ చెప్పినది ప్యాకింగ్ పని గురించి మాత్రమేనని, తాము చేసేది పంపిణీ కనుక తమకు ఓవర్‌టైమ్ రావాలని వాదించారు.

ఆ వాక్యానికి రెండు అర్థాలూ సాధ్యమేనని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2017 మార్చిలో అభిప్రాయపడి, డ్రైవర్లకు అనుకూలంగా తీర్పు చెప్పింది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. తీర్పు వెలువడిన తరువాత మెయిన్ శాసనసభ ఆ నిబంధనను తిరగరాసి, పనుల మధ్య కామాలకు బదులు అర్ధబిందువులు పెట్టింది. ఒక్కొక్క పనిని ఒక్కొక్క వరుసలో అంకె వేసి రాసి ఉంటే ఈ సందిగ్ధానికి చోటే ఉండేది కాదు. జాబితా చేసే అసలు ఉపకారం ఇదే.

చుక్కా, అంకె?

అంశాల క్రమానికి ప్రాధాన్యం లేనప్పుడు చుక్కలు చాలు. ఈ మూడు సందర్భాల్లో మాత్రం అంకెలు వేయాలి:
1. అంశాలు ఒకదాని తరువాత ఒకటిగా చేయవలసిన పనులు అయినప్పుడు.
2. 'పైన 4వ అంశంలో చెప్పినట్లు' అని తరువాత ప్రస్తావించవలసి వచ్చినప్పుడు.
3. సమావేశంలో, ఫోనులో, రేడియోలో అంశాలను పేర్కొంటూ మాట్లాడుకోవలసి వచ్చినప్పుడు.

ఒకసారి పత్రం వెలువడిన తరువాత అంకె ఆ అంశానికి పేరు వంటిది. భారత రాజ్యాంగం 19వ అధికరణం మొదటి క్లాజు దీనికి చక్కని ఉదాహరణ. అందులో (ఎఫ్) అన్న ఉపక్లాజు ఆస్తి హక్కుకు సంబంధించినది. 1978 నాటి 44వ సవరణ చట్టం దానిని తొలగించింది. ఆ తరువాతి (జి) ఉపక్లాజు వృత్తి, వ్యాపార స్వేచ్ఛకు సంబంధించినది. దానిని (ఎఫ్)గా మార్చలేదు. అది నేటికీ (జి)గానే ఉన్నది. మార్చి ఉంటే, అంతకుముందు (జి)ని పేర్కొన్న తీర్పులన్నీ తప్పుదారి పట్టించేవి. అదే సవరణ మరొక చిన్న పని కూడా చేసింది. (ఎఫ్) చివర ఉన్న సంధాయక పదం దానితోపాటు పోయింది కనుక, (ఇ) చివర 'మరియు' అన్న అర్థమిచ్చే పదాన్ని కొత్తగా చేర్చింది. జాబితాలోంచి ఒక అంశాన్ని తీసివేసినప్పుడు దాని పక్క అంశం చివరి గుర్తును సరిచూడాలని పార్లమెంటు కూడా గుర్తుంచుకున్నది.

జాబితాలో జాబితా

కొన్ని అంశాలు తప్పనిసరి, మరికొన్నింటిలో ఒకటి చాలు అన్న సందర్భాలే ఎక్కువ. ఐదారు పత్రాల పేర్లను ఒకే వరుసలో చుక్కలు పెట్టి రాస్తే అన్నీ కావాలని చదివేవారు భయపడతారు. లేదా ఒకటే తెచ్చి వెనుదిరుగుతారు. అలాంటప్పుడు ఉపజాబితా వేయాలి. ఉదాహరణకు:

దరఖాస్తుతోపాటు ఈ మూడూ ఉండాలి:
1. వయసు ధ్రువపత్రం
2. రెండు ఫోటోలు
3. చిరునామా రుజువుగా వీటిలో ఏదైనా ఒకటి:
(అ) ఓటరు గుర్తింపు కార్డు
(ఆ) విద్యుత్ బిల్లు
(ఇ) బ్యాంకు పాసుపుస్తకం

ఉపజాబితాకు అ, ఆ, ఇ, ఈ అన్న వరుస పాఠ్యపుస్తకాల ద్వారా అందరికీ పరిచితమే. అంశాలు ఆరుకు మించితే మాత్రం 'ఋ' వద్ద తడబాటు మొదలవుతుంది. క, ఖ, గ, ఘ అన్న వరుసను ఎంచుకుంటే ఐదవ స్థానంలోనే 'ఙ' ఎదురవుతుంది. పొడవైన ఉపజాబితాలకు ఎ, బి, సి, డి అన్న వరుస గాని, 3.1, 3.2 అన్న అంకెలు గాని సులువు.

పక్క భాషల గుర్తులతో జాగ్రత్త

ఖరగ్‌పూర్ వంటి బహుభాషా పట్టణాల్లో మరికొన్ని చిక్కులు ఎదురవుతాయి. బెంగాలీ, హిందీ వాక్యాల చివర నిలువు గీత ఉంటుంది. తెలుగులో పద్యాల ముద్రణలో నిలువు గీతలు కనిపిస్తాయి గాని, వ్యవహార గద్యంలో వాక్యాంతానికి చుక్కే వాడుక. బెంగాలీ నమూనా మీద తెలుగు టైపు చేసినప్పుడు ఆ గీతలు మిగిలిపోతే, అంకె పక్కన నిలిచిన గీత 1 లాగా కనిపించే ప్రమాదం ఉన్నది. రుసుము 10 రూపాయలా, 101 రూపాయలా అన్న అనుమానానికి అది చాలు.

బెంగాలీ అంకెల్లో నాలుగు మనకు తెలిసిన 8ని, ఏడు 9ని పోలి ఉంటాయి. రెండు భాషల ప్రకటన పక్కపక్కన ఉన్నప్పుడు చదివేవారు పొరపడవచ్చు. తెలుగు అంకెల్లోనూ ఒక ఇబ్బంది ఉన్నది. తెలుగు సున్న అంకె '౦', పూర్ణానుస్వారం 'ం' చూపుకు ఒకే తీరుగా ఉంటాయి; కంప్యూటరుకు మాత్రం అవి వేర్వేరు అక్షరాలు. '౧౦'లో అంకెకు బదులు అనుస్వారం టైపు చేస్తే వెతికినప్పుడు ఆ సంఖ్య దొరకదు. బహుభాషా పత్రాల్లో 1, 2, 3 అంకెలనే అన్ని భాషలకూ వాడడం క్షేమం.

కంప్యూటరులో పాటించవలసినవి

ఎంఎస్ వర్డ్, లిబ్రే ఆఫీస్ రైటర్, గూగుల్ డాక్స్ మూడింటిలోనూ జాబితా వేయడానికి ప్రత్యేక బటన్లు ఉన్నాయి. అంకెలను చేతితో టైపు చేయకుండా వాటినే వాడాలి. అప్పుడు మధ్యలో అంశం చేర్చినా తీసివేసినా వరుస తనంతట తానే సరిపోతుంది. అయితే, వాక్యంలో మనం చేతితో రాసిన '4వ అంశం' అన్న ప్రస్తావన దానంతట మారదు. మార్పుల తరువాత అలాంటి ప్రస్తావనలను ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

• ఒక అంశంలోనే కొత్త వరుస కావాలంటే షిఫ్ట్, ఎంటర్ మీటలను కలిపి నొక్కాలి. ఎంటర్ ఒక్కటే నొక్కితే కొత్త అంకె వస్తుంది.
• జాబితాలో ఉండగా ట్యాబ్ మీట నొక్కితే ఆ అంశం ఉపజాబితా అవుతుంది. షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కితే తిరిగి పై మెట్టుకు వస్తుంది.
• వరుస మొదట '1.' అని టైపు చేసి ఖాళీ వదిలితే వర్డ్ దానంతట అదే జాబితా మొదలుపెడుతుంది. అది వద్దనుకుంటే వెంటనే కంట్రోల్, జడ్ కలిపి నొక్కాలి.
• వర్డ్‌లోని నల్లని చుక్క సింబల్ అనే ఫాంటు నుంచి రావచ్చు. ఆ ఫాంటు లేని పరికరంలో చుక్కకు బదులు ఖాళీ డబ్బా కనిపిస్తుంది. పంపే ముందు ఒకసారి మొబైల్ ఫోనులో తెరిచి చూడడం మంచిది.
• యూనికోడ్‌కు ముందుకాలపు తెలుగు ఫాంట్లలోని పత్రాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు కామాలు, అర్ధబిందువులు అక్షర భాగాలుగా మారిపోయే అవకాశం ఉన్నది. జాబితాలను మూలంతో పోల్చి చూడాలి.

చదివి వినిపించినప్పుడు

జాబితా కంటికి మాత్రమే సంబంధించినది కాదు. కార్యాలయంలో అంటించిన ప్రకటనను చదువు రానివారికి మరొకరు చదివి వినిపిస్తారు. రేడియోలో వార్తాప్రసారకులు చదువుతారు. చెవికి చుక్కలు, అర్ధబిందువులు వినిపించవు. వెనక్కి వెళ్లి మరోసారి చూసుకొనే వీలు శ్రోతకు లేదు. అందుకే ప్రసారానికి రాసేటప్పుడు 'మూడు పత్రాలు కావాలి, మూడూ తప్పనిసరి' అని ముందే చెప్పి, తరువాత 'మొదటిది', 'రెండవది', 'మూడవది' అంటూ విడదీయడం మంచి పద్ధతి. జాబితా పెద్దదైతే వినేవారికి గుర్తుండదు కనుక, నాలుగైదు అంశాలను మించినప్పుడు వర్గాలుగా విభజించి చెప్పాలి.

పత్రం పూర్తయిన తరువాత జాబితాను ఒకసారి బిగ్గరగా చదివి చూడడం అన్నిటికన్నా సులభమైన పరీక్ష. వినేవారు 'అన్నీ తేవాలా, ఒకటి చాలా?' అని మళ్లీ అడిగితే పరిచయ వాక్యాన్ని సరిదిద్దాలి. ఆ ప్రశ్న కార్యాలయం కిటికీ దగ్గర కాక, పత్రం రాసే బల్ల దగ్గరే రావడం అందరికీ మేలు.